గేమ్ కొని బాధపడకుండా: డబ్బు కట్టే ముందు ఏం చూడాలి, మొదటి రెండు గంటల్లో ఏం పరీక్షించాలి

"నాలుగు వేలు పెట్టి కొన్నాను, ఐదు నిమిషాలకోసారి బిగుసుకుపోతోంది." "నేనొక్కడినే ఆడుకునే గేమ్‌కి నెట్ ఎందుకు అడుగుతోంది?" "మావాడు ఫోన్‌లో ఏదో నొక్కాడట, డబ్బు కట్ అయింది, వెనక్కొస్తుందా?" ఈ మూడు ప్రశ్నలూ మాటలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు, కొనే ముందు నుంచి డబ్బు వెనక్కి వచ్చేదాకా అంతా ఒకే వరుసలో ఇక్కడ పెడుతున్నాను.

గేమ్ కంపెనీల పద్ధతుల మీద మనకున్న కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపానికి బలం ఉండేది డబ్బు మన చేతిలో ఉన్నంతసేపు, లేదంటే రిఫండ్ గడువు దాటనంతసేపు. అందుకే గేమ్ మంచిచెడ్డలు ఆ గడువు లోపలే తేల్చుకోవాలి. ఎక్కువగా స్టీమ్‌లో (వాల్వ్ కంపెనీ నడిపే ఆన్‌లైన్ గేమ్ దుకాణం) కొనే పీసీ గేమ్‌ల గురించే చెబుతాను, మన దగ్గర ఎక్కువమంది కొనేది అక్కడే కాబట్టి. ఫోన్ గేమ్‌ల సంగతి తర్వాత విడిగా ఉంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ కంప్యూటర్ వివరాలు: ప్రాసెసర్ పేరు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు పేరు, ఆ కార్డులో ఉన్న మెమరీ (దీన్నే వీర్యామ్ అంటారు), ఎస్‌ఎస్‌డీలో ఉన్న ఖాళీ. విండోస్‌లో స్టార్ట్ మెనూ తెరిచి డీఎక్స్‌డయాగ్ అని టైప్ చేస్తే ఖాళీ తప్ప మిగతావన్నీ కనిపిస్తాయి.
- స్టోర్ ఖాతాకి ఇచ్చిన ఈమెయిల్. అది మీకు తెరుచుకునేదై ఉండాలి. రిఫండ్ కబురు దానికే వస్తుంది.
- డౌన్‌లోడ్‌కి సరిపడా నెట్. ఇది తేలిగ్గా తీసుకోవద్దు, కింద లెక్క చెబుతాను.
- ఎవరూ పిలవని రెండు గంటలు, ఫోన్‌లో అలారం.

1. స్టోర్ పేజీలో కుడివైపు పట్టీ చదవండి

ట్రైలర్ చూసి నేరుగా "యాడ్ టు కార్ట్" నొక్కేస్తారు చాలామంది. స్టీమ్ పేజీలో అసలు షరతులు కుడివైపు సన్నటి పట్టీలో ఉంటాయి. అక్కడ ఆరు విషయాలు చూడాలి: సింగిల్ ప్లేయర్ అని ఉందా, ఆన్‌లైన్ మాత్రమేనా, ఇన్-యాప్ పర్చేజెస్ ఉన్నాయా, వేరే కంపెనీ ఖాతా తప్పనిసరా, డెనువో లాంటి కాపీ రక్షణ ఉందా, కెర్నల్ స్థాయిలో, అంటే విండోస్ లోతుల్లోకి వెళ్లి పనిచేసే యాంటీ-చీట్ (ఆటలో మోసాన్ని పట్టే ప్రోగ్రామ్) ఉందా. ఈ చివరి దాన్ని పేజీలో చెప్పి తీరాలని స్టీమ్ 2024 అక్టోబర్‌లో నియమం పెట్టింది.

వేరే ఖాతా అడుగుతుందన్న లైను చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. హెల్‌డైవర్స్ 2 పేజీలో ప్లేస్టేషన్ ఖాతా కావాలని మొదటి నుంచీ రాసే ఉంది. విడుదలప్పుడు సర్వర్ల ఇబ్బంది వల్ల దాన్ని తప్పనిసరి చేయలేదు. 2024 మేలో ఇక తప్పనిసరి అనేసరికి, ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అసలు లేని దేశాల్లో కొన్నవాళ్లు దిక్కుతోచక నిలబడ్డారు. నెగటివ్ రివ్యూలు వెల్లువెత్తాయి, కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. ఆ పోరాటం గెలిచింది కాబట్టి సరిపోయింది. ప్రతిసారీ అలా జరగదు.

ఇంకొకటి. కార్ట్‌లో డబ్బు కట్టే ముందు, మీరు కొంటున్నది లైసెన్స్ మాత్రమేనని స్టీమ్ ఇప్పుడు ఒక వాక్యంలో చెబుతోంది. కాలిఫోర్నియాలో 2024లో సంతకమైన చట్టం 2025 జనవరి నుంచి ఇలా చెప్పడం తప్పనిసరి చేసింది. ఆన్‌లైన్ తప్పనిసరైన గేమ్ విషయంలో ఆ వాక్యానికి అర్థం ఏమిటో ది క్రూ కొన్నవాళ్లకి తెలుసు. 2014లో వచ్చిన ఆ కార్ల గేమ్ సర్వర్లని యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడుకునే భాగం కూడా అదే రోజుతో పోయింది.

ప్రత్యామ్నాయం: అదే గేమ్ గాగ్ స్టోర్‌లో ఉందేమో చూడండి. అక్కడ కాపీ రక్షణ లేని ఇన్‌స్టాలర్ ఫైల్ ఇస్తారు, హార్డ్ డిస్క్‌లో దాచుకోవచ్చు. పైగా 30 రోజుల రిఫండ్, ఆడిన తర్వాత కూడా. రెండుచోట్లా ధర ఒకటే అయితే నేను రెండో ఆలోచన లేకుండా గాగ్‌లోనే కొనమంటాను.

2. ప్రీ-ఆర్డర్ చేయకండి

డిజిటల్ కాపీకి స్టాక్ అయిపోవడం అంటూ ఉండదు. అయినా ముందే డబ్బు కట్టమంటున్నారంటే రివ్యూలు రాకముందే కట్టమని అర్థం. 2020 డిసెంబర్ 10న సైబర్‌పంక్ 2077 వచ్చినప్పుడు ముందుగా రివ్యూ రాసేవాళ్లకి ఇచ్చింది పీసీ కాపీలే. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ కన్సోళ్లలో (టీవీకి కలిపి ఆడే గేమ్ పెట్టెలు) గేమ్ ఏ స్థితిలో ఉందో కొన్నవాళ్లు కొన్నాకే చూశారు. వారం రోజులకే సోనీ తన స్టోర్ నుంచి ఆ గేమ్‌ని తీసేయాల్సి వచ్చింది, తిరిగి పెట్టింది 2021 జూన్‌లో.

ఖరీదైన ఎడిషన్ కొంటే మూడు నుంచి ఐదు రోజులు ముందే ఆడొచ్చనేది ఇప్పటి ఎర. స్టార్‌ఫీల్డ్ ప్రీమియం ఎడిషన్ 2023 సెప్టెంబర్ 1న తెరుచుకుంది, మామూలుది 6న. అంటే అసలు విడుదల తేదీ 1వ తేదీయే, మామూలు ధరకి కొన్నవాళ్లని ఐదు రోజులు బయట నిలబెట్టారు. జాగ్రత్త: ఈ ముందస్తు రోజుల్లో ఆడిన సమయం కూడా రిఫండ్‌కి ఉన్న రెండు గంటల పరిమితిలో (ఏడో అంచెలో చెబుతాను) కలుస్తుంది. 2024 ఏప్రిల్‌లో స్టీమ్ నియమం మార్చింది.

ఇప్పటికే ప్రీ-ఆర్డర్ చేసి ఉంటే కంగారు పడొద్దు. విడుదలకు ముందు ఎప్పుడైనా స్టీమ్‌లో రద్దు చేసుకోవచ్చు.

ఎంత ఆగాలి? విడుదలయ్యాక కనీసం రెండు వారాలు. మొదటి రెండు మూడు ప్యాచ్‌లు (లోపాలు సరిదిద్దే అప్‌డేట్‌లు) వచ్చేస్తాయి, మీ లాంటి కంప్యూటర్ ఉన్నవాళ్ల అనుభవాలు బయటికొస్తాయి. తొందర లేకపోతే విష్‌లిస్ట్‌లో పెట్టండి, ధర తగ్గినప్పుడు ఈమెయిల్ వస్తుంది. "75 శాతం తగ్గింపు" అన్న పచ్చ బొమ్మని మాత్రం నమ్మి దూకొద్దు. గతంలో ఆ గేమ్ ఎంత తక్కువకి దొరికిందో ఈజ్‌దేర్‌ఎనీడీల్ సైట్‌లో చూసుకోండి.

3. రివ్యూల మొత్తం శాతం కాదు, గత నెల శాతం చూడండి

స్టీమ్ పేజీలో రెండు లైన్లుంటాయి: అన్ని రివ్యూలు, ఇటీవలి రివ్యూలు. ఇటీవలివంటే గత 30 రోజులవి. రెండింటికీ మధ్య పెద్ద తేడా కనిపిస్తే ఆగండి. మొత్తం బాగుండి ఇటీవలిది పడిపోయిందంటే ఏదో అప్‌డేట్ గేమ్‌ని చెడగొట్టింది, లేదా కొత్తగా ఏదో అమ్మడం మొదలుపెట్టారు. తారుమారుగా ఉంటే ప్యాచ్‌లతో బాగుపడిందని అర్థం.

తర్వాత ఫిల్టర్‌లో ఆడిన గంటల దగ్గర కనీసం పది గంటలు పెట్టి నెగటివ్ రివ్యూలు ఓ పది చదవండి. పది గంటలు ఆడి కూడా వద్దంటున్నవాళ్ల మాటలో సరుకుంటుంది. ఆ ఫిర్యాదులు రెండు రకాలు. "కథ నాకు నచ్చలేదు" లాంటివి అభిరుచి సంగతి, వదిలేయండి. "20 గంటల తర్వాత శత్రువుల ఆరోగ్యం పెరగడం తప్ప కొత్తదేమీ లేదు", "లెవెల్ పెరగడం నెమ్మదించింది, వేగం పెంచే బూస్టర్ అంగట్లో ఉంది" లాంటివి డిజైన్ సంగతి. ఈ రెండో రకం ఫిర్యాదు ముగ్గురు నలుగురు వేర్వేరుగా చెబితే నమ్మండి.

4. మీ మెషిన్‌లో నడుస్తుందో లేదో ముందే తేల్చుకోండి

"మినిమమ్ రిక్వైర్‌మెంట్స్" పట్టికని ఒక్కదాన్నే నమ్మితే కష్టం. సెకనుకి ఎన్ని ఫ్రేమ్‌లకి (తెర మీద మారే బొమ్మలకి), ఏ రిజల్యూషన్‌కి ఆ కనీసం అన్నది చాలాసార్లు రాయరు. డీఎల్ఎస్ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (చిన్న బొమ్మ గీసి పెద్దది చేసే పద్ధతి) పెట్టుకుంటేనే ఆ అంకె వస్తుందన్నది ఇంకా చిన్న అక్షరాల్లో ఉంటుంది. యూట్యూబ్‌లో గేమ్ పేరు, మీ గ్రాఫిక్స్ కార్డు పేరు కలిపి వెతకండి. ల్యాప్‌టాప్ అయితే "ల్యాప్‌టాప్" అన్న మాట తప్పకుండా చేర్చండి. అదే పేరున్న డెస్క్‌టాప్ కార్డుకి ఎక్కువ కరెంటు అందుతుంది, అది వేగంగా నడుస్తుంది. వీర్యామ్ 4 జీబీ అయితే కొత్త పెద్ద గేమ్‌ల విషయంలో మరీ జాగ్రత్త.

గేమ్ సైజు కూడా ఇక్కడే చూడండి. రిఫండ్‌కి 14 రోజుల గడువు కొన్న రోజు నుంచి లెక్క. గేమ్ 100 జీబీ, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి రోజుకి 2 జీబీ అనుకోండి, డౌన్‌లోడ్‌కే 50 రోజులు. గేమ్ తెరిచేనాటికి గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఫైబర్ కనెక్షన్ లేనివాళ్లు ముందు డౌన్‌లోడ్‌కి ఏర్పాటు చేసుకుని, ఆ రోజే కొనండి.

5. పెట్టె మీద ఉన్న ధర కాదు, పూర్తి ధర లెక్కేయండి

ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాయండి: గేమ్ ధర, విడుదల రోజే అమ్ముతున్న డీఎల్సీలు (గేమ్‌కి విడిగా అమ్మే అదనపు భాగాలు), సీజన్ పాస్ (రాబోయే డీఎల్సీలని ముందే కట్టగా కొనడం) లేదా బ్యాటిల్ పాస్ (గడువులోపు ఆడేకొద్దీ మెట్టు మెట్టుకీ బహుమతి ఇచ్చే టికెట్టు), లోపలి అంగడి. 2006లో ఆబ్లివియన్ గేమ్‌లో గుర్రానికి కవచం రెండున్నర డాలర్లకి అమ్మితే పెద్ద గొడవైంది. ఇప్పుడు పూర్తి ధర పెట్టి కొన్న గేమ్‌లో అంతకు పది రెట్లకి ఒక డ్రెస్సు అమ్ముతున్నారు. కేవలం అలంకారమైతే కొనకుండా ఉండగలరా అన్నది మీ ఇష్టం. ఆటలో బలాన్ని, వేగాన్ని అమ్ముతుంటే మాత్రం ఆ గేమ్ వైపు వెళ్లొద్దని నా సలహా. ఎందుకంటే అక్కడ విసుగు పొరపాటున రాలేదు. అమ్మకం కోసం కావాలని పెట్టారు.

గాచా, లూట్ బాక్స్ (డబ్బు కట్టాక ఏమొస్తుందో అదృష్టం తేల్చే లాటరీ లాంటి అమ్మకాలు) ఉన్న గేమ్ అయితే లెక్క ఇలా వేయాలి. ఉదాహరణకి జెన్‌షిన్ ఇంపాక్ట్. ఐదు నక్షత్రాల పాత్ర వచ్చే అవకాశం మామూలుగా ఒక్కో విష్‌కి (ఒక్కో లాటరీ లాగుడుకి) 0.6 శాతం. 90 విష్‌లలోపు ఐదు నక్షత్రాల పాత్ర ఒకటి తప్పకుండా వస్తుంది. కానీ అది మీరు కోరుకున్నదే అవ్వాలని లేదు. వేరేది వస్తే, ఆ తర్వాతిది తప్పకుండా మీదే. అంటే అదృష్టం అస్సలు కలిసిరాకపోతే 180 విష్‌లు. ఒక్కో విష్‌కి 160 ప్రిమోజెమ్‌లు (ఆ ఆటలో చెల్లే నాణేలు) కాబట్టి 28,800 ప్రిమోజెమ్‌లు. ఆటలో ఉచితంగా కూడబెట్టగలిగినవి పోను మిగిలినవాటికి అంగట్లో ఎన్ని రూపాయలవుతాయో గుణించండి. ఆ చివరి అంకే ఆ పాత్ర ధర అనుకుని నిర్ణయం తీసుకోండి. "ఇంకో పది లాగితే వచ్చేస్తుందేమో" అన్న చోట లెక్క మొదలుపెట్టొద్దు.

ఈ గేమ్ కంపెనీయే 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2 కోట్ల డాలర్లకి రాజీ పడింది. అవకాశాల శాతం, అసలు ఖర్చు ఆటగాళ్లకి స్పష్టంగా తెలియనివ్వలేదన్నది ఆరోపణ. రూపాయల్ని క్రిస్టల్స్‌గా, క్రిస్టల్స్‌ని జెమ్‌లుగా, జెమ్‌లని టికెట్లుగా మార్చే ఏ గేమ్‌లోనైనా మీరు చేయాల్సింది ఒకటే: తిరిగి రూపాయల్లోకి మార్చి చూసుకోవడం.

6. కొనేటప్పుడు

స్టోర్‌లోనే కొనండి. బయటి సైట్లలో సగం ధరకి దొరికే కోడ్‌లకి స్టీమ్ రిఫండ్ ఇవ్వదు, దొంగ కార్డుతో కొన్న కోడ్ అయితే తర్వాత రద్దయ్యే ప్రమాదమూ ఉంది. మామూలు ఎడిషన్ కొనండి, డీలక్స్ తర్వాత కావాలంటే అప్పుడు చూడొచ్చు. కొన్న వెంటనే రశీదు ఈమెయిల్ వచ్చిందో లేదో చూసి, 13వ రోజుకి ఫోన్‌లో ఒక రిమైండర్ పెట్టుకోండి.

7. రెండు గంటల పరీక్ష

స్టీమ్ నియమం ప్రకారం కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితే కారణం ఏదైనా రిఫండ్ అడగొచ్చు. ఎపిక్ స్టోర్‌లోనూ చాలావరకు ఇదే లెక్క. ఈ రెండు గంటల్ని కథలో మునిగిపోవడానికి వాడకండి. అలారం 90 నిమిషాలకి పెట్టండి.

హెచ్చరిక: గేమ్ తెరిచి ఉన్న ప్రతి నిమిషం లెక్కే. మెనూలో వదిలేసి భోజనానికి వెళ్లినా, గేమ్ తన సొంత లాంచర్‌లో అప్‌డేట్ దించుకుంటున్నా, మొదటిసారి షేడర్లు (బొమ్మలు గీయడానికి గ్రాఫిక్స్ కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతున్నా గడియారం తిరుగుతూనే ఉంటుంది. స్టీమ్ ద్వారా జరిగే డౌన్‌లోడ్ మాత్రం లెక్కలోకి రాదు.

మొదటి పది నిమిషాలు సెట్టింగ్స్. కీలు మార్చుకోనిస్తోందా, సబ్‌టైటిళ్లు సోఫాలోంచి చదవగలిగేంత పెద్దవి అవుతాయా, మోషన్ బ్లర్, కెమెరా కుదుపు ఆపొచ్చా, చూపు వెడల్పు (ఫీల్డ్ ఆఫ్ వ్యూ) పెంచొచ్చా. చూపు వెడల్పు ఇరుగ్గా ఉంటే కొందరికి తల తిరుగుతుంది, ఇది ఇంట్లో అందరితో ఒకసారి సరిచూసుకోవాల్సిన విషయం. స్టీమ్ సెట్టింగ్స్‌లో ఇన్-గేమ్ విభాగంలోకి వెళ్లి ఫ్రేమ్‌ల అంకె తెర మూలన కనబడేలా పెట్టండి.

తర్వాతి అరగంట ఆడండి, కట్‌సీన్లు (మధ్యలో వచ్చే కథ వీడియోలు) దాటేస్తూ. ఇరుకు గుహల్లో అన్ని గేమ్‌లూ బాగానే నడుస్తాయి, కాబట్టి వీలైనంత త్వరగా జనం తిరిగే ఊరికో, బయలు ప్రదేశానికో, పెద్ద పోరాటానికో చేరండి. గేమ్ కుదుపుతుంటే కారణం ఇలా పట్టుకోవచ్చు:

- అదే దారిలో రెండోసారి వెళ్లండి. రెండోసారి కుదుపు పోతే అది షేడర్ల వల్ల, ఆడేకొద్దీ తగ్గుతుంది. ప్రతిసారీ అదే చోట కుదిపితే అది గేమ్‌లోని లోపం. మీ మెషిన్‌ని నిందించుకోవద్దు.
- గ్రాఫిక్స్ అన్నీ ఒక్కసారిగా తక్కువకి దించండి. ఫ్రేమ్‌లు పెరగకపోతే ఇబ్బంది ప్రాసెసర్ దగ్గరుంది, సెట్టింగ్స్ మార్చి లాభం లేదు.
- టెక్స్చర్లు (వస్తువుల మీద అద్దే బొమ్మలు) మాత్రమే తగ్గిస్తే కుదుపు పోయిందా? అయితే వీర్యామ్ చాలడం లేదు. ఆ స్థాయిలో బొమ్మ మీకు సరేననిపిస్తే గేమ్ ఉంచుకోవచ్చు.

సగటు 60 ఫ్రేమ్‌లు వస్తూ మధ్యమధ్యలో 20కి పడిపోయే గేమ్ కంటే కదలకుండా 45 వచ్చే గేమ్ ఆడటానికి హాయి. సగటు చూసి మోసపోవద్దు.

ఆ తర్వాత సేవ్ చేసి గేమ్ మూసేసి మళ్లీ తెరవండి. ఎక్కడ వదిలారో అక్కడికే వచ్చిందా? కావాలనుకున్న చోట సేవ్ చేయనిస్తోందా, చెక్‌పాయింట్ దాకా ఆడాలా? ఉద్యోగం చేసేవాళ్లకి, చంటిపిల్లలున్నవాళ్లకి ఇదొక్కటే గేమ్ ఉంచుకోవాలో వద్దో తేల్చేస్తుంది.

ఇప్పుడు నెట్ ఆపండి. స్టీమ్‌ని ముందుగా ఆఫ్‌లైన్ మోడ్‌లోకి మార్చి, వైఫై కట్ చేసి, గేమ్ తెరవండి. తెరుచుకుని ఆడనిస్తే మంచిది. "సర్వర్‌కి కనెక్ట్ కాలేకపోతున్నాం" అంటే, ఈ గేమ్ ఆయుష్షు ఎంతో కంపెనీ చేతుల్లో ఉందని తెలిసినట్టే. ఆ షరతుకి ఆ ధర పెట్టొచ్చా అన్నది అప్పుడు ఆలోచించండి.

చివరి పది పదిహేను నిమిషాలు అంగడి చూడండి. మెయిన్ మెనూలో ఆట మొదలుపెట్టే బటన్ కంటే ముందు ఏవైనా ప్రకటనలు దాటాల్సి వస్తోందా, ఎన్ని రకాల నాణేలున్నాయి, "రోజూ రాకపోతే పోతుంది" అనే బహుమతులు ఎన్ని ఉన్నాయి. బ్యాటిల్ పాస్ ఉంటే, మీరు ఆడిన గంటకి ఎన్ని మెట్లు పెరిగాయో చూసి, మొత్తం మెట్లకి ఎన్ని గంటలో లెక్కేయండి. సీజన్ పది వారాలు, పాస్‌కి 80 గంటలైతే వారానికి ఎనిమిది గంటలు. అంత తీరిక మీకు నిజంగా ఉందా? లేకపోతే పాస్ కొనొద్దు, ఎంత చవకైనా సరే.

100 నిమిషాలకి గేమ్ మూసేసి, లైబ్రరీ పేజీలో ప్లే టైమ్ ఎంత చూపిస్తోందో చూడండి. అనుమానం మిగిలితే రిఫండ్ అడగండి. బాగుపడ్డాక మళ్లీ కొనుక్కోవచ్చు.

కొన్ని పెద్ద గేమ్‌లకి రెండు గంటలు చాలవు, నిజమే. మొదటి రెండు గంటలు మెరుగులు దిద్ది, మిగతా నలభై గంటలు ఒకే పని తిప్పితిప్పి చేయించే గేమ్‌లున్నాయి. వాటికి విరుగుడు: వ్యాఖ్యానం లేని గేమ్‌ప్లే వీడియో తీసుకుని, పదిహేనో గంట దగ్గర ఓ ఇరవై నిమిషాలు చూడండి. డెమో, ఉచిత వీకెండ్ ఉంటే ఇంకా మంచిది. స్టీమ్ ఏడాదికి మూడుసార్లు జరిపే నెక్స్ట్ ఫెస్ట్‌లో వందలకొద్దీ డెమోలు వస్తాయి.

8. రిఫండ్ అడగడం

స్టీమ్ హెల్ప్ పేజీ తెరిచి "పర్చేజెస్" లోకి వెళ్లి గేమ్ ఎంచుకోండి. "ఐ వుడ్ లైక్ ఎ రిఫండ్" నొక్కాక డబ్బు స్టీమ్ వాలెట్‌కి కావాలా, కట్టిన ఖాతాకే కావాలా అని అడుగుతుంది. వాలెట్‌లో పడ్డ డబ్బు మళ్లీ బ్యాంకుకి రాదు, అందుకే ఆలోచించి ఎంచుకోండి. కారణం ఒకటి రెండు వాక్యాల్లో ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

సరిగ్గా జరిగిందో లేదో ఇలా చూసుకోండి: అభ్యర్థన అందినట్టు ఒక ఈమెయిల్, ఆమోదించినట్టు ఇంకొకటి రావాలి. ఆమోదం వచ్చాక డబ్బు చేరడానికి వారం దాకా పట్టొచ్చు. వారం దాటితే ఆ ఈమెయిల్ పట్టుకుని ముందు బ్యాంకునీ, తర్వాత స్టీమ్ సపోర్ట్‌నీ అడగండి.

కొన్న మూడో రోజే ధర తగ్గిందా? గడువులో ఉంటే రిఫండ్ తీసుకుని తక్కువ ధరకి మళ్లీ కొనొచ్చు. దీన్ని దుర్వినియోగంగా చూడబోమని స్టీమ్ తన నియమాల్లోనే రాసింది.

కన్సోళ్లలో ఇంత వెసులుబాటు లేదు. ప్లేస్టేషన్ స్టోర్‌లో 14 రోజులున్నా, డౌన్‌లోడ్ మొదలుపెడితే హక్కు పోయినట్టే, గేమ్‌లో తీవ్రమైన లోపం ఉంటే తప్ప. కాబట్టి పీఎస్5 వాళ్లకి 2, 3 అంచెలే ప్రాణం. డిస్క్ కొంటే కనీసం తిరిగి అమ్ముకోవచ్చు.

ఫోన్ గేమ్‌లకి

ఇక్కడ గేమ్ ఉచితమే, ఖర్చంతా లోపల. కాబట్టి ముందు తాళం వేయండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ ధ్రువీకరణ అడిగేలా పెట్టండి. "30 నిమిషాలకోసారి" అన్నది వద్దు, ఆ అరగంటలోనే డబ్బు పోతుంది. పిల్లలకి విడి ఫోన్ ఉంటే గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్‌ని పెద్దలు అదుపు చేసే యాప్) పెట్టండి. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్‌లోకి వెళ్లి ఇన్-యాప్ పర్చేజెస్ పూర్తిగా ఆపేయొచ్చు. అన్నిటికంటే ముందు, పిల్లలకి తెలిసిన యూపీఐ పిన్ ఈ రోజే మార్చండి.

డబ్బు పోతే పిల్లల మీద కేకలేసే ముందు ప్లే స్టోర్ ఆర్డర్ల చిట్టా తెరిచి రిఫండ్ అడగండి. మొదటి 48 గంటల్లో అడిగితే గూగుల్ నేరుగా చూస్తుంది. దాటితే గేమ్ కంపెనీకి రాసుకోవాలి. ఐఫోన్ అయితే ఆపిల్ వారి "రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్" పేజీ. అనుకోకుండా నొక్కితే డబ్బు పోయేలా బటన్లు అమర్చడం పెద్ద కంపెనీలే చేశాయి. ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబర్‌లో అమెరికాలో 52 కోట్ల డాలర్ల రాజీకి ఒప్పుకుంది, అందులో 24.5 కోట్లు ఇలా డబ్బు పోగొట్టుకున్నవాళ్లకి తిరిగివ్వడానికే. కాబట్టి తప్పంతా పిల్లాడిదే అనుకోకండి.

"సగం ధరకే యూసీ" (బీజీఎంఐ గేమ్‌లో చెల్లే నాణేలు) అంటూ టెలిగ్రామ్‌లో వచ్చే సందేశాలకి డబ్బు పంపొద్దు, ఖాతా పాస్‌వర్డ్ అసలే ఇవ్వొద్దు. ఇక డబ్బు పందెం పెట్టి ఆడే యాప్‌లు వేరే సంగతి. 2025 ఆగస్టులో పార్లమెంటు వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది, ఈ సలహాలేవీ వాటికి వర్తించవు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుందనుకోవడం. ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల పేజీలో రద్దు చేయాలి, ఆ తర్వాత మీ యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా కూడా చూడాలి. అందులో ఆ పేరు ఇంకా యాక్టివ్‌గా ఉంటే అక్కడా ఆపండి.

"ఒక ప్యాచ్ వస్తే బాగవుతుంది" అని గడువు దాటనివ్వడం. రిఫండ్ తీసుకోండి, ప్యాచ్ వచ్చాక కొనండి.

గేమ్ లోపల కొన్న నాణేలకి కూడా రిఫండ్ వస్తుందనుకోవడం. స్టీమ్‌లో వాల్వ్ సొంత గేమ్‌లకి, వాడకపోతే 48 గంటల్లో వస్తుంది. మిగతా కంపెనీల గేమ్‌లలో వాళ్లు ఒప్పుకుంటేనే. కాబట్టి గేమ్ ఉంచుకుంటారో లేదో తేలకముందు లోపల రూపాయి కూడా పెట్టొద్దు.

స్నేహితులంతా కొంటున్నారని కలిసి కొనడం కూడా ఇంతే. నలుగురు కలిసి ఆడే గేమ్ అయితే ముందు ఒకరు కొని పరీక్షించండి. మన దగ్గరికి దగ్గరలో సర్వర్ ఉందా, పింగ్ (సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే ఆలస్యం) ఎంత వస్తోంది అని ఆ ఒక్కరు చూసి చెబితే మిగతా ముగ్గురి డబ్బు భద్రం. రోజులో మీరు ఆడే వేళకి మ్యాచ్ దొరుకుతోందో లేదో కూడా చూడాలి. జనం లేక 2024లో కాంకర్డ్ గేమ్ ఆగస్టు 23న మొదలై సెప్టెంబర్ 6న మూతపడింది. సోనీ అందరికీ డబ్బు తిరిగిచ్చింది కానీ అలా ఇచ్చే కంపెనీలు తక్కువ. స్టీమ్ డీబీ సైట్‌లో ఏ గేమ్‌ని ఇప్పుడు ఎంతమంది ఆడుతున్నారో కనిపిస్తుంది.

రిఫండ్ నిరాకరిస్తే

రెండోసారి అడగండి. మొదటి జవాబుతో ఆగిపోవద్దు, రెండో అభ్యర్థనలో ఫ్రేమ్‌లు పడిపోయిన స్క్రీన్‌షాట్, క్రాష్ అయిన సమయం, స్టోర్ పేజీలో చెప్పిన దానికీ మీకు దొరికినదానికీ తేడా రాయండి. "గేమ్ చెత్తగా ఉంది" అన్న వాక్యం ఎవరినీ కదిలించదు.

అప్పటికీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని మాయచేసి ఖర్చు పెట్టించే ఎత్తుగడలు) మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 13 రకాల ఎత్తుగడల్ని పేర్లతో సహా జాబితా చేసింది. లేని తొందర పుట్టించే కౌంట్‌డౌన్, అడగకుండా బుట్టలో చేర్చడం, రద్దు చేసుకోలేని సబ్‌స్క్రిప్షన్ అన్నీ అందులో ఉన్నాయి. మీ ఫిర్యాదు వీటిలో దేని కిందికి వస్తుందో చెప్పి, ఆర్డర్ నంబర్, తేదీ, మొత్తం, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. ఫిర్యాదు నమోదయ్యాక ఇచ్చే డాకెట్ నంబర్ రాసుకోండి, తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ముందు అదే అడుగుతారు.